నజ్మీన్ పేరున ఇంకొకరి నెత్తురు

గుంటూరులో ఆ ఆడపిల్లల కాలేజీ మైదానంలో జరిగిన తగువును వెంకటరావమ్మ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చూసింది. చూడక ఏం చేస్తుంది? హాస్టల్లో వంట ఆవిడదే. రోజూ తెల్లవారేసరికి రాగిజావ క్యానూ, మొలకెత్తిన పెసల బేసినూ మోయించుకొచ్చి మైదానం మెట్ల మీద కూర్చోవడం కూడా ఆవిడ పనే. ఆటల పిల్లలు పరిగెత్తి వచ్చి, తాగి పోతారు.

పొద్దున పూట ఊళ్లో పెద్దమనుషులు కూడా అక్కడికి నడకకు వస్తారు. పరుగు బాటలో లోపలి గీత పిల్లలకు విడిచిపెట్టాలని గేటు దగ్గర బోర్డు రాసి ఉంది. చదువుకున్నవాళ్లకు బోర్డులు కనపడవు. రిటైరైన ఇంజనీరు శివరామకృష్ణగారూ, ఆయన జతగాళ్లు ముగ్గురూ సరిగ్గా ఆ గీత మీదే, అరకకు కట్టిన ఎడ్లలాగా పక్కపక్కన, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటూ నడిచేవాళ్లు. పిల్లలు వాళ్లను తప్పించుకుని పరిగెత్తేవాళ్లు. రెండేళ్లుగా అదే వరస. ఎవరికీ నోరు లేకపోయింది.

ఆ ఏడు కొత్తగా చేరిన నజ్మీన్ మూడో రోజునే ఆగిపోయింది. రొప్పుతూ వాళ్ల ముందు నిలబడింది.

"బాబాయ్‌గారూ, ఇది మా గీతండీ. మీరు బయటి దాంట్లో నడవండి."

"ఏం, గ్రౌండేమన్నా నీ బాబుదా?" అన్నాడాయన.

"మా బాబుదైతే పరుపు కుట్టి పరిచేవాడండీ, మీరు హాయిగా పడుకునేవాళ్లు. కాలేజీది కాబట్టి మేం పరిగెత్తుతన్నాం."

మెట్ల మీద పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దాయన ముఖం కందిపోయింది. "పెద్దంతరం చిన్నంతరం లేకుండా ఆ నోరేంటమ్మా?" అన్నాడు.

"నోరు వదిలేయండి, కాళ్లు చూడండి. మీరు ఒక్క రౌండు నడిచేలోపు నేను మూడు రౌండ్లు పరిగెత్తుతా. ఓడిపోతే రేపట్నుంచి నేనే బయట. గెలిస్తే మీరు నలుగురూ బయట. సరేనా అండీ?"

సరేనక ఏం చేస్తాడు, నలుగురిలో పడ్డాక? ఆయన మొదట నడిచాడు, తర్వాత గబగబా నడిచాడు, ఆఖర్న ఎవరూ చూడడం లేదనుకుని నాలుగు అడుగులు పరిగెత్తాడు కూడా. ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. ఆయన వంగి అది తొడుక్కునేలోపు నజ్మీన్ మూడో రౌండు పూర్తిచేసి, గీత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మర్నాటి నుంచి పెద్దమనుషులు బయటి గీతకు పోయారు. వెంకటరావమ్మ ఆ పిల్ల గ్లాసులో జావ అంచు దాకా పోసింది. ఆవిడ అంచు దాకా పోసేది చాలా తక్కువమందికి.

పరుపు మాట ఊరికే నోటికొచ్చింది కాదు. నజ్మీన్ తండ్రి మాబు పరుపులు కుట్టేవాడే. ఇంకొల్లు దగ్గర పల్లె వాళ్లది. దూదేకుల వాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాతల నాటి నుంచి పత్తి ఏకి, ఊరూరా తిరిగి పరుపులూ దిండ్లూ కుట్టిపెట్టేవాళ్లు. ఇప్పుడు ఊళ్లల్లోకి స్పాంజి పరుపులు దిగాయి. మాబు పని ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకూ, రెండు పురుళ్లకూ పరిమితమైంది. తల్లి నసీమున్నీసా మిరపకాయల్లో బతుకుతుంది. సీజనులో కోతకు పోతుంది, సీజను దాటాక షెడ్డులో కూర్చుని కాయలకు తొడిమలు తీస్తుంది. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే రోజంతా ఏడుపే. ఆ చేత్తో బిడ్డకు జడ వేస్తే బిడ్డ మెడంతా మంటే. అందుకే నజ్మీన్ ఏడో ఏటి నుంచే తన జడ తాను వేసుకుంది.

ఆ పిల్ల పరుగు మొదటిసారి జనం కంట పడింది పదో ఏట. కల్లం నిండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కూలీలంతా అవతలి చేలో ఉన్నారు. బడిలో ఉన్న నజ్మీన్‌కు కిటికీలోంచి ఉత్తరాన నల్లగా మబ్బు కనపడింది. మాస్టారిని అడగను కూడా అడగలేదు. పుస్తకాలు వదిలేసి, చేల గట్ల మీద పడి పరిగెత్తి చేను చేరి, "వానొస్తంది, పట్టలు కప్పండ్రో!" అని అరిచి, వెనక్కి తిరిగి కల్లం దగ్గరికి అందరికంటే ముందు ఆ పిల్లే వచ్చింది. కాయలు తడవలేదు. రైతు యలమంద ఆ పిల్ల వంక చూసి, "ఇది పిల్ల కాదురా, లేడి" అన్నాడు. బడిలో మాస్టారు మాత్రం చెప్పకుండా పోయిందని మర్నాడు గోడ కుర్చీ వేయించి, వారం తిరక్కుండా ఆయనే మండలం పోటీలకు పేరు రాయించాడు. మండలం, జిల్లా, అట్లా అట్లా అయిదువేల మీటర్ల పరుగులో ఆ పిల్ల గుంటూరు దాకా వచ్చిపడింది. ఆటల కోటాలో సీటు ఇచ్చారు. హాస్టల్లో మంచం, కూడు ఉచితం.

ఉచితం అన్నదాని వెనక ఎప్పుడూ ఒక ముడి ఉంటుంది. ఏడాదికోసారి జరిగే యూనివర్సిటీ పోటీల్లో కాలేజీ తరపున దిగిన పిల్లకే మరుసటి ఏటికి ఆ మంచం. దిగలేదా, మంచం ఇంకొకరికి పోతుంది. ఇంకొల్లు అవతల పల్లె నుంచి గుంటూరుకు రోజూ వచ్చి పోవడం అయ్యే పని కాదు. మంచం పోతే చదువు పోయినట్టే. చదువు పోతే అమ్మ పక్కన మిరపకాయల రాశి ముందు ఆ పిల్ల కోసం ఒక పీట ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

మొదటి ఏడు దిగింది, రెండో స్థానంలో వచ్చింది. మంచం నిలిచింది. చిక్కంతా రెండో ఏట వచ్చింది.

అంతకు ముందు వేసవిలో పక్క జిల్లా పోటీల్లో ఈ కాలేజీ పిల్ల ఒకతె పరిగెత్తుతూ పరిగెత్తుతూ బొక్కబోర్లా పడిపోయింది. తీసుకెళ్లి చూస్తే ఒంట్లో నెత్తురు లేదన్నారు. ప్రిన్సిపాలుకు గుండె దడ పట్టుకుంది. ఆటలాడే పిల్లలందరికీ నెత్తురు పరీక్షలు చేయించాలన్నారు. బయటి నుంచి ల్యాబు వాళ్లను పిలిపించారు. తక్కువ వచ్చిన పిల్లలకు మాత్రలిస్తారు, అంతవరకు బాగానే ఉంది. కానీ వాళ్లు మళ్లీ పరీక్ష జరిగే దాకా మైదానంలో కాలు పెట్టకూడదని ఇంకో రూలు తెచ్చారు. మంచి మనసుతోనే తెచ్చారు. పరిగెత్తకపోతే మంచం పోతుందనే పాత రూలు పక్కనే ఉన్న సంగతి మటుకు ఎవరికీ గుర్తు రాలేదు. రెండు రూళ్లూ విడివిడిగా మంచివే. రెండిటి మధ్యా పడ్డ పిల్ల సంగతే ఎవరూ ఆలోచించలేదు.

ల్యాబు నుంచి వచ్చిన రెబ్కా అనే అమ్మాయి పిల్లలకు వరండాలో చెప్పింది. వెంకటరావమ్మ కూరలు తరుగుతూ విన్నది. "రెండు పరీక్షలు చేస్తాం. మొదటిది, గిన్నెలో అన్నం ఉందా లేదా అని. రెండోది, గాదెలో వడ్లు ఉన్నాయా లేవా అని. గిన్నెలో అన్నం ఉన్నంత మాత్రాన గాదె నిండుగా ఉన్నట్టు కాదు. నెత్తురు ఎంతుందో చూసేది మొదటి పరీక్ష, మీ ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూసేది రెండో పరీక్ష."

నజ్మీన్‌కు ఆ పరీక్ష అక్కర్లేదు. తన గాదె సంగతి తనకు తెలుసు. పదో తరగతిలోనే ఊరి నర్సమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, పెదవి విరిచింది. నెలనెలా ఆరు రోజులు ఆ పిల్లకు గండమే. రెండు నెలల నుంచి నాలుగో రౌండు దగ్గర కాళ్లలో ఎవరో ఇసుక పోసినట్టు అవుతోంది.

హాస్టల్లో ఆ పిల్ల గదిలోనే శ్రీదివ్య ఉంటుంది. క్రోసూరు దగ్గర పత్తి రైతుల పిల్ల, కబడ్డీ ఆడుతుంది. మెడా, భుజాలూ చూస్తే పాలేరు కూడా పక్కకు తప్పుకుంటాడు. నజ్మీన్ అంటే ప్రాణం పెడుతుంది. దానికి బుద్ధి కంటే ప్రేమ ఎక్కువ. లోకంలో సగం కొంపలు అట్లాగే మునుగుతాయి.

"మొదటి రోజు పరుగు వాళ్లకు, రెండో రోజు కబడ్డీ వాళ్లకు. సూది గుచ్చే మనుషులు కూడా రోజుకొకరంట. నీ జాకెట్టు నాకియ్యి. నీ పేరు పిలిస్తే నేను లేస్తా" అంది శ్రీదివ్య.

"తెలిస్తే?"

"ఎట్టా తెలిసిద్దే? వాళ్లు మన ముఖాలు చూస్తారా, మోచేతులు చూస్తారా?"

ఆటలు నేర్పే పీడీ సారు రామాంజనేయులు మగమనిషి కాబట్టి ఆ గదిలోకి రాలేదు, వరండా చివర నిలబడ్డాడు. గదిలో ముప్ఫైమందీ ఒకే రంగు ట్రాక్‌సూట్లు. "షేక్ నజ్మీన్" అని పిలిచారు. తోటి పిల్లలు చూసీ చూడనట్టు ఉంటే శ్రీదివ్య లేచి వెళ్లి కూర్చుంది. మర్నాడు తన పేరుకూ తనే కూర్చుంది. సూది అంటే ఆ పిల్లకు చీమ కుట్టినట్టు.

వారానికి కాగితాలు వచ్చాయి. ముప్ఫైమందిలో పదమూడుమందికి తక్కువ. నజ్మీన్ కాగితం మాత్రం బ్రహ్మాండం. ఇనుము నిల్వ నలభై ఎనిమిది. పీడీ సారు ఆ కాగితాన్ని మెట్ల మీద అందరికీ చూపించి, "చూడండ్రా, కూలి ఇంటి పిల్ల. ఒళ్లు ఎట్టా కాపాడుకుందో!" అన్నాడు. నజ్మీన్ తల వంచుకుంది. అణకువ అనుకున్నారు.

ఆ పదమూడుమందీ మూడు నెలలు నీడన కూర్చుని మాత్రలు మింగారు. నజ్మీన్ ఎండలో పరిగెత్తింది.

వెంకటరావమ్మ దీన్ని కనిపెట్టింది కాగితాలు చూసి కాదు. అయిదో తరగతి గట్టెక్కని మనిషి, ఆవిడకు కాగితాలతో పనేంటి? బియ్యం దగ్గర కనిపెట్టింది. సాయంత్రాలు ఆవిడ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే నజ్మీన్ వచ్చి పక్కన చతికిలబడేది. "నేనూ ఏరతా మామ్మా" అనేది. సాయం అనుకుని మొదట ముచ్చటపడింది. నాలుగో రోజుకు చూస్తే, ఏరేది తక్కువ, నోట్లో వేసుకునేది ఎక్కువ. గుప్పెడు గుప్పెడు పచ్చి బియ్యం, కటకటా నమిలేస్తోంది.

"ఏమే, పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడిద్ది, తెలుసా?"

"పడనీ మామ్మా. పట్టలు కప్పడం నాకు కొత్తా?"

నవ్వింది గానీ చెయ్యి ఆగలేదు. వెంకటరావమ్మ ఆ చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది. పాలిపోయి, నడిమికి పల్లం పడి ఉన్నాయి. ఆవిడ ముగ్గురు పిల్లల్ని కన్నది, ఇద్దరు చెల్లెళ్లకు పురుళ్లు పోసింది. నెత్తురు లేని ఆడది మట్టీ, బలపాలూ, బియ్యమూ ఎందుకు వెతుక్కుంటుందో ఆవిడకు ఏ ల్యాబూ చెప్పనక్కర్లేదు.

"నీ కాగితంలో అంతా బాగుందన్నారుగా?"

నజ్మీన్ చాట వంక చూస్తూ, "ఆ కాగితం నాది కాదు మామ్మా" అంది. తర్వాత మొత్తం చెప్పింది.

వెంకటరావమ్మకు ముందు కోపం వచ్చింది. తిట్టింది. ఆవిడ తిట్టడం మొదలుపెడితే పప్పు ఉడికి, చల్లారి, మళ్లీ వేడి పెట్టాల్సి వస్తుంది. అంతా తిట్టాక, "పద, పెద్దాసుపత్రిలో చూపిస్తా" అంది.

"డాక్టరు ఏం చెప్తాడు మామ్మా? మాత్రలంటాడు, విశ్రాంతి అంటాడు. మాత్రలు నువ్వు తెస్తావు. విశ్రాంతి యాడ తెస్తావు? ఒంట్లో బాగాలేదని ఆగితే, కాగితంలో బాగుందిగా అంటారు. కాగితం నాది కాదంటే నన్నూ, దాన్నీ ఇద్దర్నీ బయటికి నెడతారు. పరిగెత్తితే పడిపోతా. పరిగెత్తకపోతే మంచం పోయిద్ది. ఎటు పోను?"

పెద్దమనుషులు నలుగురిని ఒక్క మాటతో గీత దాటించిన పిల్ల. దాని నోటికి దాని అబద్ధమే తాళం వేసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెంకటరావమ్మకు కూడా అంతే అయింది. చెప్తే ఇద్దరు పిల్లల బతుకు. చెప్పకపోతే ఒక పిల్ల ప్రాణం. ఆవిడ తన జన్మలో ఏ మాటనూ అంతసేపు నోట్లో పెట్టుకుని ఎరగదు.

చేతనైంది చేసింది. ఆవిడ వీధిలోనే ఆశా వర్కరు కరీమున్ ఉంటుంది. ఆమె దగ్గర ఇనుము మాత్రలు తెచ్చింది. పిల్లను పొద్దున్నే వంటింటి వెనక్కి పిలిచి, ఎదురుగా నిలబెట్టి మింగించేది. మాత్ర నోరంతా తుప్పు వాసన వేస్తుందని పిల్ల ముఖం చిట్లిస్తే, ఆవిడ తన చేత్తో చిక్కగా అల్లం టీ పెట్టి, మాత్ర మీద పెద్ద గ్లాసుడు తాగించేది. వెంకటరావమ్మ టీ అంటే ఆ కాలేజీలో ప్రిన్సిపాలు దాకా పేరు. పాలు తక్కువ పోసింది లేదు, పొడి తక్కువ వేసింది లేదు. నలభై రోజులు ఒక్క రోజు తప్పకుండా అట్లా మింగించింది. పిల్ల కూడా రోజూ వేళకు వచ్చి చెయ్యి చాపేది.

నలభై రోజులయినా ముఖంలో రంగు రాలేదు. బియ్యం నమలడం ఆగలేదు. రెండో అంతస్తులో గది. మొదటి మలుపు దగ్గర మెట్ల మీద కూర్చుండిపోయి, చెప్పు వారు సరిచేసుకుంటున్నట్టు నటించి మళ్లీ లేచేది. రోజుకు నాలుగుసార్లు ఆ చెప్పు వారు ఊడిపోయేది.

పరుగు అంతకంతకూ పడిపోయింది. పీడీ సారు స్టాప్‌వాచీ చూసేవాడు, కాగితం గుర్తు చేసుకునేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మాడు, ఎదురుగా ఉన్న పిల్లను నమ్మలేదు, అంతే.

"నెత్తురు బాగుంది. ఇనుము బాగుంది. మరి ఏంది నీ రోగం? బద్ధకం!" అన్నాడు ఓ రోజు, అందరూ వినేట్టు. "పోయినేడు రెండో స్థానం రాగానే కొవ్వెక్కింది. నోరు పెరిగింది, కాళ్లు తరిగాయి. ఇంకో మూడు రౌండ్లు కొట్టు."

జావ క్యాను పక్కన వెంకటరావమ్మ గరిటె గట్టిగా పట్టుకుని కూర్చుంది. లేచి ఆ మనిషికి నాలుగు వడ్డించాలని ఒళ్లంతా ఉడికిపోతోంది. నోరు తెరిస్తే నిజం జారుతుందని మూసుకుంది.

నజ్మీన్ పరిగెత్తింది. ఒక రౌండయింది. రెండోది సగంలో పరుగు నడక అయింది. బయటి గీతలో వెనకనించి శివరామకృష్ణగారు నడుచుకుంటూ వచ్చి, ఆ పిల్ల పక్కకు చేరాడు. ఆ రోజు తగువు తర్వాత ఆయన ఆ పిల్లతో మాట్లాడింది లేదు. దాటిపోతే పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. దాటలేదు. అడుగు తగ్గించి, ఆ పిల్లతో సమంగా నడుస్తూ, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

మంచిగానే అడిగాడు. అవునని చెప్పే వీలు లేకపోవడమే ఆ పిల్ల ఓర్చుకోలేకపోయింది. ఆ పూట జావ తాగలేదు, గ్లాసు ముట్టుకోలేదు. మెట్టు మీద కూర్చుని, "రోగిష్టిదంటే పడతా మామ్మా. బద్ధకస్తురాలంటే మాత్రం పడలేను" అంది. "మా అమ్మ ఒక్క రోజు బద్ధకించలేదు. మేం బద్ధకిస్తే తినం."

యూనివర్సిటీ పోటీలు పన్నెండు రోజుల్లోకి వచ్చాయి. పోటీలకు ముందు రెండో విడత పరీక్షలు పెట్టారు. ఈసారి పరుగు వాళ్లకూ, కబడ్డీ వాళ్లకూ అందరికీ ఒకే రోజు, రెండు బల్లల దగ్గర. ముందు రోజు మధ్యాహ్నం రెబ్కా వచ్చి, పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. వెంకటరావమ్మ ఆ అమ్మాయికి టీ తీసుకెళ్లింది.

"ఇంకో మాట" అంటోంది రెబ్కా. "ఇనుము మాత్ర మీద టీ తాగకండి. కాఫీ, పాలు కూడా వద్దు. తాగారంటే మాత్రలో సగానికి పైన ఒంటికి పట్టదు. ఇసకలో నీళ్లు పోసినట్టే. గంటో రెండు గంటలో ఎడం ఉంచండి. మాత్ర వేసుకునేటప్పుడు నిమ్మకాయ నీళ్లు తాగండి, మంచిది."

వెంకటరావమ్మ చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. పిల్లల మధ్యలోంచి నజ్మీన్ ఆవిడ వంక చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

"పెద్దమ్మగారూ, టీ నాకేనా?" అంది రెబ్కా నవ్వుతూ.

ఇచ్చేసి వంటింట్లోకి వచ్చి పడింది వెంకటరావమ్మ. నలభై రోజులు. పాలు తక్కువ పోయలేదు, పొడి తక్కువ వేయలేదు. అంత చిక్కగా, అంత పెద్ద గ్లాసుతో, తన చేత్తో తనే ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాగేసింది. తప్పు తనదని ఆవిడ ఎవరి దగ్గరా ఒప్పుకుని ఎరగదు. మొగుడి దగ్గర ఒప్పుకోలేదు, కోడళ్ల దగ్గర ఒప్పుకోలేదు. కాసేపటికి నజ్మీన్ వంటింటి వెనక గుమ్మంలోకి వచ్చి కూర్చుంటే, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నేనే చెడగొట్టానే" అంది.

"తెలిసి చేశావా?"

"తెలిస్తే చేస్తానటే?"

"మరి ఊరుకో. నలభై రోజులు పొద్దున్నే లేచి నాకోసం పొయ్యి ముట్టించినదానివి నువ్వొక్కదానివే. టీ మటుకు బాగుండేది."

"నోరు ముయ్యి. నవ్వమాక" అంది వెంకటరావమ్మ. కొంగుతో ముక్కు తుడుచుకుంది. పొగ అని చెప్పుకోవడానికి అక్కడ కట్టెల పొయ్యి కూడా లేదు, గ్యాసు.

అప్పుడే శ్రీదివ్య ఊడిపడింది. దాని చేతిలో బీట్‌రూటు రసం సీసా. "నజ్జూ, అంతా చూసుకున్నా" అంది గుసగుసగా. గుసగుస కూడా వీధి చివరకు వినపడుతుంది దానికి. "రెండు బల్లల్లో ఒకదాని దగ్గరే ఆ రెబ్కక్క. రెండో బల్ల దగ్గర కొత్త మనిషి. నీ పేరు ఆ బల్లకి వచ్చిద్ది, నా పేరు రెబ్కక్క బల్లకి, ఆమె చేతిలో లిస్టు చూశా. నీ జాకెట్టు రాత్రికి నా మంచం మీద పెట్టు. పన్నెండు రోజులేగా? ఎట్టాగో పరిగెత్తేసెయ్యి. లాస్టు వచ్చినా సరే, దిగితే చాలు, మంచం ఉండిద్ది. తర్వాత ఏడాదంతా మాత్రలేసుకో, బియ్యమే తిను, నీ ఇష్టం."

"ఏమే, దానికేమన్నా అయితే?" అంది వెంకటరావమ్మ.

"ఏం గాదు మామ్మా. నేనున్నాగా!"

ఉంది. అదే వచ్చిన చిక్కు. రసం సీసా నజ్మీన్ ఒళ్లో పెట్టి, బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. నజ్మీన్ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. అవతల వరండాలో రెబ్కా పేర్ల కాగితం గోడకు అంటిస్తోంది.

ఆ కాగితం వంక చూస్తూ, "అది రేపు లేస్తే నేను ఊరుకుంటా మామ్మా" అంది నజ్మీన్. "నాకు తెలుసు. నా పేరు పిలిచేసరికి నా కాళ్లు కదలవు. మంచం గుర్తొచ్చిద్ది, మా అమ్మ చేతులు గుర్తొస్తాయి. దాని వంక చూస్తా. నేను చూస్తే చాలు, అది లేచిద్ది."

"నేను పోయి ఆ ప్రిన్సిపాలుతో మాట్లాడనా? మంచం ఎట్టా తీస్తారో చూస్తా. నా వంట తిని నన్ను కాదంటారా?"

"వద్దు. తగువు పెట్టుకోవాల్సొస్తే నేనే పెట్టుకుంటా. నిజం బయట పడ్డాక నా నోరు నాకొచ్చిద్ది. దివ్యని నేనే బతిమాలి పంపానని చెప్తా, దాని మీదకి రానీను. మంచం ఉంటే ఉండిద్ది, పోతే పోయిద్ది. ఇప్పుడైతే నేను ఏమన్నా చెల్లదు, నా పేరు మీద దాని నెత్తురుంది."

"మరి నన్నేం చెయ్యమంటావే?"

నజ్మీన్ సీసా పక్కన పెట్టింది. ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్లు మంచులా ఉన్నాయి.

"రేపు వంట ఎవరికన్నా అప్పజెప్పు. పొద్దున్నే వచ్చి ఆ గదిలో దివ్య పక్కన కూర్చో. నా పేరు పిలిచినప్పుడు దాని చెయ్యి గట్టిగా పట్టుకో. అది గింజుకున్నా, తిట్టినా, నేనే లేవమని దానికి సైగ చేసినా సరే మామ్మా, నేను లేచి ఆ కుర్చీలో కూర్చునేదాకా మాత్రం దాని చెయ్యి వదలమాక."